పూలమడిలో ఏ పూల పక్కన ఏ పూలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల నేలకు తగిన లెక్క

సంక్రాంతికి ముందూ వెనుకా నెల్లూరు, కావలి, ఒంగోలు వీధుల్లో మొక్కల బండ్లు తిరుగుతాయి. గోదావరి తీరంలోని కడియం నర్సరీల నుంచో బెంగళూరు నుంచో వచ్చిన పెటూనియాలు, డయాంథస్‌లు, సాల్వియాలు, డాలియాలు, కుండీ నిండా విచ్చుకున్న పొట్టి చామంతులు ఆ బండ్లమీద వరసగా కనిపిస్తాయి కాబట్టి, ఇంటి ముందు నాలుగు గజాల నేల ఉన్నవారికి ఒక్కో రకానివి రెండేసి కొని ఒకే మడిలో నాటాలనిపించడం సహజం. ఫిబ్రవరి చివరి దాకా ఆ మడి చూడముచ్చటగా ఉంటుంది. ఏప్రిల్‌కు సగం మొక్కలు వాడిపోతాయి, రోహిణి కార్తెకు మట్టి మాత్రమే మిగులుతుంది. ఎరువు చాలలేదనో, నీళ్లు తగ్గాయనో, చేతివాసి మంచిది కాదనో కారణాలు చెప్పుకుంటారు గానీ, పెంచిన తీరులో చాలాసార్లు లోపమేమీ ఉండదు. చల్లని రాత్రులు కావలసిన మొక్కనూ ఎండ కావలసిన మొక్కనూ, రోజూ నీరు కోరే మొక్కనూ నీరెక్కువైతే కుళ్లే మొక్కనూ పక్కపక్కన నిలబెట్టడం వల్లనే ఆ మడి ఖాళీ అవుతుంది.

పూలమడి గురించి చెప్పేవారు సాధారణంగా రంగులతో మొదలుపెట్టి, ఎత్తుల దగ్గరికి వచ్చి, చివర్లో నేల గురించీ నీటి గురించీ రెండు మాటలు కలుపుతారు. మన రెండు జిల్లాల్లో ఈ వరసను తిరగవేసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ముందు కాలం, తరువాత నేలా నీరూ, ఆపైన వెలుగు, వేళ్ల పొత్తు చూసుకుని, ఈ నాలుగూ కుదిరిన మొక్కల్లో నుంచే ఎత్తునూ రంగునూ బట్టి ఎంచుకోవాలి.

కాలం విషయంలో మనకు ఒక ప్రత్యేకత ఉంది. రాష్ట్రంలో చాలా ప్రాంతాలకు ప్రధానమైన వాన నైరుతి రుతుపవనాలది. నెల్లూరుకు ఈశాన్య రుతుపవనాలది. 2022 నాటి జిల్లాల పునర్విభజనకు ముందటి హద్దుల ప్రకారం నెల్లూరు జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 1,080 మిల్లీమీటర్లు కాగా, అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. ప్రకాశం జిల్లాలో మొత్తం వానే తక్కువ, సుమారు 870 మిల్లీమీటర్లు. అది రెండు రుతుపవనాల మధ్య దాదాపు సమానంగా పంచుకుని పడుతుంది. అందువల్ల ‘తొలకరి పడగానే జూన్‌లో విత్తుకోండి’ అని హైదరాబాదు వైపు వారికి చెప్పే సలహా మనకు నేరుగా పనికిరాదు. జూన్‌లో మనకు పడమటి గాలి వేడిగా వీస్తూనే ఉంటుంది, బోర్లలో నీరు అడుగంటి ఉంటుంది, అప్పుడే మొలిచిన నారు మధ్యాహ్నానికి తల వాలుస్తుంది. మన మడికి అసలైన పరీక్ష రెండు సార్లు వస్తుంది: మే, జూన్ నెలల ఎండలో ఒకసారి, చిత్త, స్వాతి కార్తెల నుంచి డిసెంబరు మొదటి వారం దాకా పడే ముసురు వానల్లో ఇంకోసారి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను గుర్తున్నవారికి, పూతకు వచ్చిన మడి మీద ఆ కాలపు వాన ఎంత పని చేయగలదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రెండు పరీక్షలనూ ఒకే మొక్క నెగ్గడం అరుదు. బిళ్లగన్నేరును చూస్తే ఇది బాగా తెలుస్తుంది. నడివేసవిలో గోడ పక్కన, పగిలిన సిమెంటు సందుల్లో కూడా నవ్వుతూ పూసే ఈ మొక్క, నవంబరులో నేల వారం రోజులు తడిగా ఉంటే మొదలు దగ్గర నల్లబడి, కొమ్మకొమ్మగా వాలి, రెండు మూడు రోజుల్లో పోతుంది. తడి నేలలో పెరిగే ఫైటోఫ్తొరా అనే, శిలీంద్రాన్ని పోలిన సూక్ష్మజీవి దానికి కారణం. ఆకులు వాడినట్టు కనబడగానే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. అది దాని చావును తొందరచేయడమే అవుతుంది. మెట్టతామర ఇందుకు పూర్తిగా విరుద్ధం. వానలో అది కళకళలాడుతుంది, వేసవిలో రోజూ నీరు లేకపోతే ఆకు అంచులు మాడ్చుకుంటుంది. వీటిని పక్కపక్కన పెడితే ఏ కాలంలోనైనా ఒకటి బాధపడుతూనే ఉంటుంది.

కాబట్టి మడిలోని మొక్కలను మూడు జట్లుగా చేసుకోవడం నయం. వేసవి జట్టులో బిళ్లగన్నేరు, బొగడబంతి, టేబుల్ రోజ్, జీనియా, గైలార్డియా ఉంటాయి. వీటిని ఫిబ్రవరి నడిమి నుంచి మార్చి మొదటి వారంలోగా విత్తుకుంటే, వేళ్లు లోతుకు దిగిన తరువాతనే ఎండ ముదురుతుంది. జీనియాను నేరుగా మడిలోనే చల్లుకోవచ్చు, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూస్తుంది; టేబుల్ రోజ్‌కు విత్తనం కూడా అక్కరలేదు, వేలెడు కొమ్మ తుంచి గుచ్చితే చాలు. వీటన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకమైనది బొగడబంతి. ఊదా గుండుపూలు నెలల తరబడి రంగు తగ్గకుండా నిలబడతాయి, కోసి ఎండబెట్టినా రంగు పోదు, తక్కువ నీటితో సర్దుకుంటుంది. దానికి తగినంత ఆదరణ మన ఇళ్లలో లేదు.

వానల జట్టు చిన్నది. రెయిన్ లిల్లీలు, మెట్టతామర, చంద్రకాంత, కంచెకు పాకిన శంఖుపూలు ఈ జట్టువి. వాన తగ్గుముఖం పట్టే వేళకు డిసెంబరాలు అందుకుంటాయి. ఆ రెండు నెలలూ మడిని పూలతో నింపాలని పంతం పట్టకపోవడమే మంచిది. క్రోటన్లు, కోలియస్ వంటి ఆకురంగు మొక్కలు ఆ కాలాన్ని మోస్తాయి. పూలు అక్కడక్కడా కనబడితే చాలు.

చలికాలపు జట్టులో బంతి, చామంతి ముఖ్యమైనవి. పెటూనియా, సాల్వియా, డయాంథస్ వాటి వెంట వచ్చే చుట్టాలు. మన తీర ప్రాంతంలో చలికాలపు రాత్రుల్లోనూ ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల దాపునే ఉంటుంది కాబట్టి, బెంగళూరులో నాలుగైదు నెలలు పూసే పెటూనియా మనకు మార్చి దాటి నిలవదు. అది తెలిసి కొనుక్కుంటే నిరాశ ఉండదు. నర్సరీ మొక్క కొబ్బరిపొట్టు ముద్దలో పెరిగి ఉంటుందనీ, ఆ ముద్ద చుట్టూ ఉన్న మట్టి కంటే భిన్నంగా నీరు పట్టి ఉంచుతుందనీ కూడా గుర్తుంచుకోవాలి. నాటేటప్పుడు బయటి పొరను వేళ్లతో కాస్త సడలించకపోతే మొక్క వేళ్లు ఆ ముద్ద దాటి మన మట్టిలోకి రావు.

చామంతి గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. చామంతి పూయడానికి ఎరువు కంటే రాత్రి నిడివి ముఖ్యం. రాత్రులు పొడవు అయ్యేకొద్దీ ఈ మొక్క ఆకులు వేయడం తగ్గించి మొగ్గ వేయడం మొదలుపెడుతుంది. నెల్లూరు అక్షాంశంలో పగటి నిడివి జూన్ నెలాఖరులో 13 గంటలకు కాస్త తక్కువ, డిసెంబరు నెలాఖరులో పదకొండుంబావు గంటలు. మనిషి పెద్దగా పట్టించుకోని ఈ తేడాను చామంతి పట్టించుకుంటుంది. అందువల్ల పిలకలను జూన్, జులైలలో నాటినా, నెల ఆలస్యంగా నాటినా, మొగ్గ వేసే కాలం ఆ మేరకు వెనక్కి జరగదు. ఆలస్యంగా నాటిన మొక్క పొట్టిగా ఉండగానే పూతకు వస్తుంది. మడి ముందు వరసలో పొట్టి చామంతులు కావాలనుకునేవారు దీన్ని ఉపయోగించుకోవచ్చు. ఇంకొక సంగతి వీధిదీపం. రాత్రంతా దీపపు వెలుగు పడే చోట నాటిన చామంతి ఏపుగా, పచ్చగా పెరుగుతూ, మొగ్గ మాత్రం ఆలస్యంగా వేస్తుంది. ఒకే మడిలో గేటు స్తంభం మీది దీపానికి దగ్గరగా ఉన్న మొక్కలు ఆకులతోనే ఉండి, అదే రోజు నాటిన అవతలి చివరి మొక్కలు నిండుగా పూసి ఉండటం చూసినవారు ఎరువు తేడా అనుకుంటారు. పూలసాగు చేసే రైతులు చామంతిని తాము కోరిన నెలకు పూయించడానికి రాత్రిపూట చేలో బల్బులు వెలిగించేది ఈ గుణాన్ని ఆధారం చేసుకునే.

బంతికి వెనక నుంచి లెక్క వేసుకోవడం అలవాటు చేసుకోవాలి. ముద్దబంతి నారు పోసిన నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, మూడు నాలుగు వారాలకు నాటడానికి వస్తుంది, నాటిన 50 నుంచి 60 రోజులకు పూస్తుంది. ధనుర్మాసం డిసెంబరు నడిమిలో మొదలవుతుంది కాబట్టి, గొబ్బెమ్మల మీదికి ఇంటి బంతి కావాలంటే అక్టోబరు ఇరవైల్లో నారు మడిలో పడాలి, అంటే సెప్టెంబరు ఆఖరు వారంలో నారు పోయాలి. నాటే వేళకు వాన ముమ్మరంగా ఉంటుంది గనుక నారును ట్రేలలో పోసి వరండా చూరు కింద ఉంచుకుని, నేలను ముందే బోదెలుగా ఎగదోసి పెట్టుకుని, వాన తెరిపి ఇచ్చిన రోజు సాయంత్రం నాటుకోవాలి. నాటిన నెలకు తల తుంచితే మొక్క గుబురుగా వస్తుంది, పూత వారం పది రోజులు వెనక్కి జరుగుతుంది. పండుగ లెక్క వేసేటప్పుడు ఈ వారాన్నీ కలుపుకోవాలి.

ఇక నేల. మన రెండు ఉమ్మడి జిల్లాల్లో ఇరవై మైళ్లు ప్రయాణిస్తే మట్టి మారిపోతుంది. మైపాడు, కొత్తపట్నం వంటి తీర గ్రామాల్లో ఇసుక. నాగులుప్పలపాడు వైపు శనగ పండే నల్లరేగడి. ఉదయగిరి, కనిగిరి వైపు ఎర్రనేల. పెన్న ఒడ్డున ఒండ్రు. ఇసుకలో పోసిన నీరూ వేసిన ఎరువూ నిలవవు కాబట్టి అక్కడ చెరువు మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, నీటిని కొద్దికొద్దిగా తరచూ ఇవ్వాలి. నల్లరేగడిలో సమస్య దీనికి ఎదురు. అందులో నాలుగు గంపల ఇసుక కలిపితే గుల్లబారుతుందన్న నమ్మకం ఉంది గానీ, అంత తక్కువ ఇసుక వల్ల ప్రయోజనం లేదు. చివికిన ఎరువు కలిపి, మడిని చుట్టూ ఉన్న నేల కంటే అడుగు ఎత్తు లేపడం ఒక్కటే దారి.

పట్టణాల్లోని కొత్త కాలనీల నేల ఈ నాలుగింటిలో దేనికీ చెందదు. నెల్లూరు చుట్టుపక్కల వరి పొలాలను ప్లాట్లుగా చేసి గ్రావెల్ తోలి చదును చేస్తారు. పైన అడుగో, అడుగున్నరో గులకరాళ్లు కలిసిన గట్టి ఎర్రమట్టి, కింద పాత పొలపు బంకమట్టి ఉంటాయి. గడ్డపారతో తవ్వితే పై పొరలో నిప్పురవ్వలు లేస్తాయి, కింది పొరలో గడ్డపార దిగబడి బయటికి రాదు. పైనుంచి ఇంకిన వాన నీరు ఆ బంక దగ్గర ఆగిపోయి, మొక్క వేరు చుట్టూ గిన్నెలో నిలిచినట్టు నిలుస్తుంది. అడుగున్నర లోతు గుంత తీసి, నీళ్లు నింపి, అవి ఇంకిన తరువాత మళ్లీ నింపి చూడాలి. మర్నాటి ఉదయానికి కూడా అడుగున నీళ్లు కనబడితే అక్కడ బిళ్లగన్నేరు, కనకాంబరం, చామంతి నేల మట్టానికి నాటకూడదు. గ్రావెల్‌ను ఒక అడుగు తీసివేసి, ఇటుకల అంచు కట్టి, మంచి మట్టితో ఎత్తుమడి పోసుకోవడానికి అయ్యే ఖర్చు, రెండేళ్లపాటు చనిపోయిన మొక్కల బదులు కొత్తవి కొనే ఖర్చు కంటే ఎక్కువ కాదు.

నీటి గుణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తీర గ్రామాల్లోనూ ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతాల్లోనూ బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మార్గదర్శకాల ప్రకారం, లీటరు సాగునీటిలో కరిగిన లవణాలు 450 మిల్లీగ్రాములకు లోపు ఉంటే పంటకు ఇబ్బంది ఉండదు. 2,000 మిల్లీగ్రాములు దాటితే ఇబ్బంది తీవ్రమవుతుంది. తాగునీటి ఫిల్టర్లు బిగించేవారి దగ్గర ఉండే చిన్న మీటరుతో ఈ సంఖ్య నిమిషంలో తెలుస్తుంది. ఎక్కువ ఉప్పు ఉన్నచోట గులాబీ మీద ఆశ వదులుకుని, కాగితపు పూలు, గన్నేరు, టేబుల్ రోజ్, గైలార్డియాలతో మడిని కట్టుకోవడం మంచిది. గన్నేరు మాత్రం ఆకు నుంచి వేరు వరకు విషం గనుక చిన్నపిల్లలు, పశువులు తిరిగే చోట వద్దు. నూరువరహాల సంగతి ఇంకొకటి. సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీటికి, నల్లరేగడికి దాని లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరుగుతాయి. అది నత్రజని లోపం కాదు. మట్టిలో ఇనుము ఉన్నా ఆ క్షారగుణం వల్ల వేరు దాన్ని తీసుకోలేకపోవడం. యూరియా వేసినందువల్ల ఆకుల పసుపు పోదు. వాన నీరు పట్టి పోయగలిగినవారు, లేదా పొదలకూరు, గూడూరు వైపు నిమ్మతోటల ఎర్రనేలల వంటి మట్టి ఉన్నవారు దానిని పెంచుకుంటే, దాని ఎర్రని గుత్తులకు సాటి వచ్చే పొద మన వాతావరణంలో తక్కువ.

దాహాన్ని బట్టి జట్టు కట్టడం అంటే ఒకే పైపుతో, ఒకే రోజున నీళ్లు పోసినా అందరికీ సరిపోయేలా చూడటం. బొగడబంతి, టేబుల్ రోజ్, బిళ్లగన్నేరు ఒక వైపు. బాల్సం, మెట్టతామర ఇంకో వైపు. బంతి, చామంతి, జీనియా నడిమి తరగతి. మల్లెకు మాత్రం మడిలో ఉన్నా సొంత కుదురు కావాలి. డిసెంబరు చివర, జనవరిలో కొమ్మలు కత్తిరించడానికి ముందు మల్లెకు నీరు ఆపి ఆరబెడతారు, అప్పుడే మార్చి నుంచి పూత విరగబడి వస్తుంది. అదే సమయంలో దాని పాదంలో ఉన్న బంతికి నీరు కావాలి. ఒకదాని నీరు రెండవదానికి పోకుండా మధ్యలో ఇటుక వరస పాతుకోగలిగితే ఈ జంట చాలా బాగుంటుంది. మల్లె బోసిగా ఉన్న జనవరి, ఫిబ్రవరి నెలలను బంతి కప్పిపుచ్చుతుంది, బంతి పీకేసే మార్చిలో మల్లె అందుకుంటుంది.

వెలుగు విషయంలో ‘ఆరు గంటల ఎండ కావాలి’ అనే సూత్రం సరిపోదు, ఎందుకంటే ఒకే మడికి ఏడాది పొడవునా ఒకే ఎండ పడదు. డిసెంబరు మధ్యాహ్నం నెల్లూరులో సూర్యుడు నడినెత్తి నుంచి 38 డిగ్రీల మేర దక్షిణానికి వాలి ఉంటాడు. ఆరడుగుల ప్రహరీ నీడ అప్పుడు ఉత్తరంగా దాదాపు నాలుగున్నర అడుగులు పరుచుకుంటుంది. ఇరవై అడుగుల ఇంటి నీడ పదిహేను అడుగులు. అంటే దక్షిణపు గోడను ఆనుకుని లోపలివైపు వేసిన నాలుగడుగుల మడికి, చామంతీ బంతీ పూయవలసిన నెలల్లోనే మధ్యాహ్నపు ఎండ అసలు తగలదు. ఏప్రిల్ చివరి రోజుల నుంచి ఆగస్టు నడిమి దాకా సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు కాబట్టి అదే మడి వేసవిలో మాడిపోతుంది. వేసవిలో ఆ స్థలాన్ని చూసి ఎండ బాగా ఉందని నిర్ణయించుకుని, సెప్టెంబరులో బంతి నారు పోసేవారు ఇక్కడే దెబ్బతింటారు. అటువంటి చోటుకు కనకాంబరం, డిసెంబరాలు తగినవి. పాక్షికమైన నీడను రెండూ ఓర్చుకుంటాయి. పడమటి ఎండ నేరుగా పడే గోడ దగ్గర, గోడ కూడా రాత్రి దాకా వేడి వదులుతుంది గనుక, కాగితపు పూలను మించి ఏదీ ఆలోచించవద్దు.

మట్టి కింద జరిగే పొత్తును చాలామంది పట్టించుకోరు. కనకాంబరానికి పెద్ద శత్రువు వేరుబుడిపెలు కలిగించే నులిపురుగు. మొక్క గిడసబారి, ఆకు పాలిపోయి, పీకి చూస్తే వేళ్ల మీద జపమాల పూసల్లాంటి బుడిపెలు ఉంటాయి. బాల్సం, కోడిజుట్టు పూలు కూడా ఇదే పురుగుకు ఆశ్రయం ఇస్తాయి కాబట్టి, వాటిని కనకాంబరం పక్కనగానీ, అవి ఉన్న చోటనే తరువాతి ఏడాది కనకాంబరంగానీ వేయకూడదు. బంతి వేళ్లలో ఆల్ఫా టెర్థైనిల్ అనే పదార్థం ఉంటుంది. ఆ పురుగును అది అణచగలదు. అయితే మధ్యమధ్యలో నాలుగు బంతి మొక్కలు గుచ్చితే పని జరిగిపోతుందని అనుకోవడం సరికాదు. ఆ ప్రభావం వేరు ఉన్నంత మేరకే గనుక, స్థలమంతా ఒత్తుగా బంతి వేసి రెండు మూడు నెలలు ఉంచి, ఆ తరువాత అక్కడ కనకాంబరం నాటాలి. చలికాలమంతా బంతి, మార్చిలో కనకాంబరం అనే వరస మన కాలానికి సరిగ్గా అతుకుతుంది. మందారాన్ని కూడా మడికి కొంచెం దూరంగా ఉంచాలి. దాని లేత కొమ్మలకు పట్టే పిండినల్లి చీమల సాయంతో పక్క మొక్కలకు పాకుతుంది.

ఇన్ని వడపోతలు దాటిన తరువాత రంగూ ఎత్తూ ఆలోచించడం సులువు, ఎందుకంటే అప్పటికి చేతిలో ఏడెనిమిది పేర్లే మిగులుతాయి. గోడను ఆనుకున్న మడిలో పొడవైనవి వెనక, పొట్టివి ముందు. నాలుగు వైపుల నుంచీ చూసే మడిలో పొడవైనవి నడుమ. ఒక వైపు నుంచే చేయి అందే మడిని రెండున్నర అడుగులకు మించి వెడల్పు చేస్తే కలుపు తీయడానికి మట్టిని తొక్కవలసి వస్తుంది. అంతకంటే వెడల్పు కావాలంటే మధ్యలో కాలు పెట్టడానికి రెండు రాళ్లు వేసుకోవాలి. ఒక్కో రకానివి ఒక్కటి కాక ఐదేసి, ఏడేసి గుంపుగా నాటాలి. పది రకాలు ఒక్కొక్కటిగా ఉన్న మడి నర్సరీ బండిలా కనబడుతుంది. మూడు రకాలు గుంపులుగా ఉన్న మడి మడిలా కనబడుతుంది.

రంగుల పొందిక నేర్చుకోవడానికి మనకు దూరం వెళ్లనక్కరలేదు. మన పూలంగళ్లలో కట్టే కదంబంలో కనకాంబరపు నారింజ, మల్లె తెలుపు, మరువపు పచ్చన ఉంటాయి; మూడే రంగులు, వాటిలో పచ్చన ఎప్పుడూ చాలినంతగా ఉంటుంది. మడికీ అదే కొలత సరిపోతుంది: పరిచే రంగు ఒకటి, దానికి ఎదురు నిలిచే రంగు ఒకటి, రెండింటి మధ్య విరామానికి తెలుపో ఆకుపచ్చో. మన మధ్యాహ్నపు తెల్లని ఎండలో లేత గులాబీ, లేత పసుపు వెలిసిపోయినట్టు కనబడతాయి. ముద్దబంతి నారింజ, బొగడబంతి ఊదా, నూరువరహాల ఎరుపు నిలబడతాయి. కానీ వేసవిలో మన ఇళ్లవారు మడిని చూసేది మధ్యాహ్నం కాదు, గాలి చల్లబడి అరుగు మీద కూర్చునే సంధ్యవేళ. వెలుగు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు ముందుగా నల్లబడుతుంది, నీలం, తెలుపు ఎక్కువ సేపు నిలుస్తాయి. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 19వ శతాబ్దంలో వివరించిన ఈ మార్పును ఎవరైనా ఎర్రమందారాన్నీ నందివర్ధనాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. సాయంత్రం కూర్చునే చోటుకు ఎదురుగా ఉన్న మడికి నందివర్ధనం, తెల్ల బిళ్లగన్నేరు, మల్లె ప్రాణం.

పూట వారీ పొందిక కూడా ఉంది. టేబుల్ రోజ్ ఎండెక్కాక విచ్చుకుని మధ్యాహ్నం తిరగగానే ముడుచుకుంటుంది. చంద్రకాంత సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుంటుంది. నడవకు ముందు అంచున మొదటిదీ, దాని వెనక రెండవదీ ఉంటే ఆ చోటు రోజంతా ఖాళీగా కనబడదు. చంద్రకాంత గింజలు రాలి ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి గనుక మొలకలను చిన్నప్పుడే ఏరివేయాలి.

ఒక నిజమైన మడిని కాగితం మీద వేసి చూద్దాం. తూర్పు ముఖపు ఇల్లు, ముందు ప్రహరీని ఆనుకుని లోపలివైపు పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు స్థలం, ఎత్తు లేపిన ఎర్రమట్టి, ఓ మాదిరి బోరు నీళ్లు. మడి పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి, తెల్లవారి మొదటి గంటలు గోడ నీడ పడినా, మధ్యాహ్నం దాకా ఎండ వస్తుంది, ఆ తరువాత ఇంటి నీడ కాపాడుతుంది. గోడ వెంబడి నాలుగు నందివర్ధనాలు మూడేసి అడుగుల ఎడంతో నాటి, నాలుగడుగుల ఎత్తుకు మించకుండా కత్తిరిస్తే అవి ఏడాదంతా పచ్చని తెర. వాటి ముందు రెండడుగుల పట్టీ కాలాన్ని బట్టి మారుతుంది: మార్చి నుంచి ఆగస్టు దాకా ఊదా బొగడబంతి, అడుగుకొకటి చొప్పున రెండు వరసల్లో ఇరవై నాలుగు మొక్కలు, సెప్టెంబరులో నేల తిరగేసి ఎరువు కలిపి, అక్టోబరు చివర ముద్దబంతి, అడుగున్నర ఎడంతో, ఒక వరస వెనక ఇంకో వరస ఎదురుబదురు కాకుండా, పదహారు మొక్కలు. నడవ వైపు అంచున వేసవిలో టేబుల్ రోజ్; దాని సందుల్లోనే మట్టిలో రెయిన్ లిల్లీ గడ్డలు శాశ్వతంగా ఉంటాయి, వాన పడగానే అవే పైకి లేస్తాయి. ఏ నెలలో చూసినా ఈ మడిలో మూడు నాలుగు రకాలకు మించవు, ఏ నెలలోనూ అది బోడిగా ఉండదు.

పూజకు పూలు కోసే ఇల్లయితే ఒక ఏర్పాటు అదనంగా చేసుకోవాలి. రోజూ ఉదయం కోసేసే మడి చూపుకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది కాబట్టి, కోతకు పెరట్లో వేరుగా ఒక వరస బంతి, చామంతి వేసుకుని, ముందు మడిలో వాడినవి మాత్రమే తుంచాలి. వాడిన పూలను తుంచకపోతే బంతీ జీనియా గింజ కట్టడం మొదలుపెట్టి కొత్త మొగ్గలు తగ్గిస్తాయి. గింజ దాచుకోవాలనుకుంటే పూత చివరి దశలో ఆరోగ్యమైన రెండు మొక్కలను వదిలేస్తే చాలు. జీనియా, బొగడబంతి, చంద్రకాంత నాటు రకాల గింజ మరుసటి ఏడాది చాలావరకు తల్లినే పోలి వస్తుంది. ప్యాకెట్‌లో కొన్న హైబ్రిడ్ ముద్దబంతి గింజ అలా రాదు, ఒకటి ముద్దగా, ఒకటి ఒంటిరెక్కగా, ఎత్తులు కలగాపులగంగా వస్తాయి. ఎత్తుల వరస మీద ఆధారపడిన మడికి బంతి గింజ ఏటా కొత్తది కొనుక్కోవాలి, పెరటి కోత వరసకు దాచిన గింజ వాడుకోవచ్చు.